జీడి చుక్కలు

ప్రణాలి ఎడమ చేత్తో పత్తి ఏరుతున్న సంగతిని జయ రెండో సాలు సగం దాటాక గానీ కనిపెట్టలేదు.

పత్తి ఏరడానికి రెండు చేతులూ ఆడాలి. కుడి చెయ్యి ఒక కాయ మీద ఉండగానే ఎడమ చెయ్యి పక్క కాయను వెతుక్కోవాలి. వేళ్లన్నీ ఒకచోటికి తెచ్చి, పగిలిన కాయలోంచి పత్తిని ఒక్క మెలికతో లాగెయ్యాలి. కాస్త ఆలస్యమైతే ఎండిన డొప్పల మొనలు గోటి సందుల్లో గీరుతాయి. నడుముకు ఒడి కట్టుకుని సాలులోకి దిగితే ప్రణాలిని అందుకోవడం జయకే కష్టం. అలాంటిది ఆ పొద్దున కూతురు బాగా వెనకబడింది. కుడి చెయ్యి ఒడి అంచు పట్టుకుని పొట్టకు ఆనుకుని ఉంది. ఎడమ చెయ్యి ఒక్కటే కాయ కాయకూ తిరుగుతోంది.

"ఏందే, ఎడమ చేత్తో ఏరుతున్నవ్?"

"ఊకెనే, అవ్వా."

"ఊకెనే ఎడమ చేత్తో ఏరేటోళ్లను నేనెన్నడు సూడలే. ఇగ బువ్వ గూడ గా చేత్తోనే తింటవా?"

"కుడి చెయ్యిని ఆటకు దాసుకుంటున్న. ఆదివారం దాక."

జయ తలెత్తి కూతురి ముఖం చూసింది. అందులో ఏమీ లేదు. రాజురా కాలేజీకి పోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ ముఖంలో ఏదీ కనబడటం మానేసింది. ఆకలేస్తుందో లేదో అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. జయ చెట్ల మధ్య నుంచి అడ్డంగా నడిచి వచ్చి, పిల్ల కుడి మోచెయ్యి దొరకబుచ్చుకుని లోపలివైపు బొటనవేలితో నొక్కింది.

ముఖం కదల్లేదు. కానీ కింద, ఒడి అంచు పట్టుకున్న వేళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. ఒడి జారి ఏరిన పత్తి సాలులో పడింది.

ఇద్దరూ వంగి ఎండుటాకులు దులుపుకుంటూ దాన్ని ఎత్తుకున్నారు.

"ఎప్పటి సంది?"

"దసరా సంది."

"సారుకు చెప్పినవా?"

"చెప్తే నన్ను తీసి గిరిజను దించుతడు."

జయకు ఆ బేస్‌బాల్ ఆట తెలియదు. కానీ గిరిజను దించితే ఏమవుతుందో తెలుసు. ఆదివారం చంద్రపూర్‌లో ఫైనల్. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు పోతుంది. అక్కడ కూడా గెలిచిన ఆడపిల్లలకు పోలీసు భర్తీలో క్రీడల కోటా ఉంటుందని సారే వీళ్ల ఊరు విరూర్ దాకా వచ్చి, ఇదే చేను గట్టున నిలబడి చెప్పాడు. ఆ రోజు నుంచి జయ భర్త పోశన్న కూతురిని పేరు పెట్టి పిలవడం మానేశాడు. "హవల్దార్ మేడమ్, జర నీళ్లియ్యుండ్రి" అంటాడు. ఆ ఆటేమిటో మాత్రం ఆయనకూ ఇప్పటికీ అంతుబట్టలేదు. "బ్యాటుంది, బంతుంది, వికెట్లు లెవ్వు. మరి ఔటు ఎట్లయితరే?" అని అడుగుతూనే ఉంటాడు.

"ఈ ఏడు దాటితే నా వయసు దాటుతదవ్వా," అంది ప్రణాలి. "ఇగ గీ ఆటల పిల్లల్ల నన్ను తీసుకోరు."

జయ ఒడి బిగించి కట్టుకుని, కూతురి సాలు కూడా తనే అందుకుంది.

*

రాజురా మైదానంలో మన్ను ఎర్రదే. పైన మాత్రం ఎప్పుడూ ఒక నల్లటి పొర ఉంటుంది. సాస్తి నుంచి వచ్చే బొగ్గు లారీల పుణ్యం. పొద్దున డబ్బాలోంచి తీసిన తెల్లబంతి సాయంత్రానికి కాలిన వంకాయలా తయారవుతుంది. మొరం పోసి, నీళ్లు చల్లి, తొక్కి తొక్కి గట్టిపరిచిన దిబ్బ మీద నుంచి పిచర్ బంతి వేయాలి. దిబ్బ మీద పాదం ఆనించే పట్టీ గనిలో బొగ్గు మోసే బెల్టు ముక్క. ఆ బంతిని పట్టే క్యాచర్ ప్రతిభ వాళ్ల నాన్న సాస్తి గనిలో చేస్తాడు. పారేసిన బెల్టులోంచి కోసుకొచ్చి మేకులు కొట్టి ఇచ్చాడు.

కోచ్ సుదర్శన్‌ది ఆ ఊళ్లో బట్టల దుకాణం ఉన్న తెలుగు కుటుంబం. అన్నదమ్ములు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఈయన మైదానం పట్టాడు. చలికాలంలో కూడా చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచే ఉంటాడు. కుడి మోచేతి లోపలివైపు, మినపగింజలంత నల్లటి చుక్కలు వరుసగా ఉంటాయి. వచ్చిన కొత్తలో ప్రణాలి వాటిని చూసి అడిగింది.

"జీడి చుక్కలు," అన్నాడు, చెయ్యి తిప్పి చూసుకుంటూ. "జావెలిన్ ఏసే దినాల్లయి. నొప్పి వోయింది గని మచ్చలు పోతలెవ్వు."

ఆ మాటకు పిల్లలంతా నవ్వారు. జీడి పెట్టించుకోని ఇల్లు ఆ పక్క ఊళ్లలో లేదు. కాలు మెలికపడ్డా, నడుం పట్టేసినా, నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద కాచి, చిమ్మిన నూనెను చుక్కలు పెడతారు. తోలు కాలుతుంది, పొక్కుతుంది. లోపలి నొప్పి ఆ మంటకు జడిసి పారిపోతుందని నమ్మకం. మరాఠీవాళ్లు దాన్నే బిబ్బా అంటారు.

ఆయన పాఠం మొదటి రోజు నుంచీ ఒక్కటే. "వేగం కాదే పిల్లలు! వేగమైతే సాస్తి లారీకి గూడ ఉంటది. పిచర్‌కు బలం కాళ్లల్ల ఉండాలె, తెలివి వేళ్లల్ల ఉండాలె. ముఖంల మాత్రం ఏం ఉండొద్దు. ఎదురుంగ బ్యాటు పట్టుకున్నది నీ చెయ్యిని సూడది, నీ ముఖం సదువుతది. సదువుకునేటందుకు దానికేం ఇయ్యకు."

మిగతా ఆడపిల్లలకు మొదటి రెండూ కొద్దో గొప్పో వచ్చాయి, మూడోది రాలేదు. గిరిజ అయితే వంకర తిరిగే కర్వ్ బంతి వేసే ముందు నవ్వేస్తుంది. ప్రణాలికి మాత్రం మూడోదే అన్నిటికన్నా సులువుగా వచ్చింది. నెత్తి మీద కట్టెల మోపుతో కంచె దాటుతూ, ముల్లు దిగినా ముఖం చిట్లించని తల్లి వెనకాల నడిచిన పిల్ల. కర్వ్ కూడా అలాగే వచ్చింది. బంతిని వదిలేటప్పుడు మణికట్టు తిరిగే తీరు, కాయలోంచి పత్తి లాగే తీరే. డొప్పలకు గీరుకుపోయిన వేలికొసలు బంతి కుట్టును గట్టిగా కరిచి పట్టుకునేవి. నేరుగా వచ్చినట్టే వచ్చి, బ్యాటు ముందు పక్కకు జారి కిందికి దిగే ఆ బంతిని కొట్టిన ఆడపిల్ల ఈ ఏడాది జిల్లాలో లేదు.

ఆ మధ్యాహ్నం, బ్యాటు పట్టుకున్నవాళ్లు నిలబడే ప్లేట్ వెనకాల కూర్చున్న ప్రతిభ, తొడల మధ్య ఒక్క వేలే చూపిస్తోంది. ఒక వేలంటే నేరు బంతి. కర్వ్ కావాలంటే రెండు వేళ్లు చూపాలి.

"ప్రతిభా! రెండో వేలు ఇంట్ల మర్సిపోయి వచ్చినవా?" అని అరిచాడు సుదర్శన్.

ప్రతిభ రెండు వేళ్లు చూపింది. ప్రణాలి వేసింది. మళ్లీ రెండు. మళ్లీ వేసింది. ప్రతిసారీ మోచేతి లోపల తడిసిన తాడును ఎవరో మెలి తిప్పి వదిలినట్టుంది. ఆమె టోపీ సర్దుకుంది, బూటు అంచుతో మొరం గీకింది, గ్లవ్‌లో బంతి తిప్పింది.

మధ్యలో ఆపినప్పుడు నీళ్ల సీసా ఎడమ చేత్తో అందుకుని, రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమ చేత్తోనే మూత తిప్పింది. సుదర్శన్ చూశాడు. ఒక్క క్షణం ఆయన ఎడమ చెయ్యి తన కుడి మోచేతి దాకా వెళ్లింది. తర్వాత విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు.

"చలో, ఇంకొన్ని. ఆదివారం నాగపూర్ పోరీలు మిమ్మల్ని సుట్టాలనుకోరు."

సాయంత్రం బస్టాండులో లాల్ డబ్బా బస్సు కోసం నిలబడ్డప్పుడు ప్రతిభ తన ఎడమ అరచెయ్యి చాపి చూపింది. మామూలుగా ఈ వేళకు అది ఎర్రగా కందిపోయి ఉండాలి.

"సూడు. తెల్లగుంది."

"మంచిదే గదా. మీ అమ్మ సంతోషపడ్తది."

"నీ బంతి తేలికయిందే."

"నీ గ్లవ్ పాతదయింది. దానికేం తెల్వది."

"గ్లవ్‌కు తెల్వకుంటే నా చేతికి తెల్వదా? నీ బంతిని నాకంటె ఎక్కువ ఎవలు పట్టిండ్రే? సారుకు నేను చెప్త."

ప్రణాలి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. "చెప్పు. ఆదివారం దిబ్బ మీద గిరిజ నవ్వుకుంట నిలవడ్తది. నాగపూరోళ్లు గూడ నవ్వుతరు. నువ్వు పరిగెత్తి పరిగెత్తి బంతులు తెస్తవ్."

ప్రతిభకు నవ్వు ఆగలేదు. తర్వాత తిట్టింది. తర్వాత బస్సు వచ్చింది.

*

"రాజురా దవాఖాన్ల సూపియ్యాలె," అన్నాడు పోశన్న, దీపం పెట్టే వేళకు పశువులను కట్టేసి వచ్చి.

"సూపిస్తే పట్టీ కట్టి పండుమంటరు," అంది ప్రణాలి.

"పండుమంటే పండాలె మరి."

"ఆదివారం ఎట్ల పండుత బాపూ?"

పోశన్న భార్య వైపు చూశాడు. జయ అప్పటికే గూట్లోంచి గుడ్డ మూట తీసింది. అందులో ఎండిన జీడి గింజలు. అడవి పక్క కంచె పొదల్లో ఏరి తెచ్చినవి. ఒక గింజను సూదికి గుచ్చి దీపం మీద పెట్టింది. చిటపటమని నల్లటి నూనె చిమ్మింది. ఘాటు వాసనకు పోశన్న లేచి వాకిట్లోకి పోయాడు. జీడి పొగ పడదాయనకు, ముఖం వాస్తుంది.

ప్రణాలి మోచెయ్యి చాపి కూర్చుంది. జయ ఒక చుక్క పెట్టింది. దాని పక్కన ఇంకొకటి. లోపలి ఎముక చుట్టూ, ముంజేతి మీద కొంతదాకా. తన నడుముకు అత్త పెట్టినప్పుడు జయ పండ్లు కొరుక్కుని కూడా ఆగలేక ఇల్లెగిరిపోయేలా అరిచింది. అది ఆమెకు బాగా గుర్తు.

పిల్ల గోడ వైపు చూస్తోంది.

"కాలుతలేదానే?"

"కాలుతుంది."

"మరి జర ఏడ్వరాదూ?"

"ఎందుకు?"

జయ చేతిలో సూది ఆగిపోయింది. అంతసేపూ లేని భయం అప్పుడు వేసింది ఆమెకు. మిగిలిన చుక్కలు గబగబా పెట్టేసి, కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. "పొక్కినంక గిది రాసుకో. గీరకు. ఏం జేసినా గీరకు."

"ఆటకు నిండు చేతుల బనియన్ ఉందిలే, కనవడది."

కనబడకూడదన్నది ఇంట్లో ఎవరూ పైకి అనుకున్న మాట కాదు. నొప్పి ఉందని తెలిస్తే తీసేస్తారు. అందుకని ముగ్గురూ అదే దాచారు. అంతకుమించి దాచాల్సింది ఏదైనా ఉంటుందని వాళ్లకు తట్టలేదు.

*

ఆదివారం చంద్రపూర్ మైదానంలో ప్రణాలి దిబ్బ ఎక్కేసరికి నొప్పి లేదు.

తల్లి నమ్మినట్టే అయింది. మోచేతి చుట్టూ పొక్కులు లేచి, తోలు మంటెత్తిపోతోంది. ఆ మంట కింద లోపలి నొప్పి ఎక్కడో మునిగిపోయింది. దూరంగా కరెంటు ప్లాంటు చిమ్నీలు తెల్లటి పొగ వదులుతున్నాయి. ఆమె ఎడమ మోకాలు పైకెత్తి, నడుము తిప్పి, మొదటి బంతి వేసింది. ప్రతిభ గ్లవ్‌లో అది పడిన చప్పుడుకు షామియానా కింద కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు.

ప్రతిభ గ్లవ్ లోంచి చెయ్యి తీసి విదిలించి, ముఖానికున్న జాలీ వెనక నుంచి పళ్లన్నీ బయటపెట్టింది. తర్వాత రెండు వేళ్లు చూపింది.

నాగపూర్ ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి గాలిని కొట్టి వెళ్లారు. మొదట్లో వాళ్ల బెంచీ మీద నుంచి కేకలు వచ్చాయి, ఎగతాళి వచ్చింది. తర్వాత అవీ ఆగిపోయాయి. రాజురా జట్టు రెండు పరుగులు చేసింది. ఆ రెండే చాలనిపించింది అందరికీ.

ఎండ ఎక్కాక దురద మొదలైంది.

మంటను ఓర్చుకోవచ్చు. జీడి దురద అలాంటిది కాదు. తోలు కింద చీమలు బారులు కట్టినట్టుంటుంది. గీరకు అంది తల్లి. ప్రణాలి గీరలేదు. బంతికీ బంతికీ మధ్య, ఎడమ చేతి గ్లవ్‌ను కుడి మోచేతికి ఒకసారి ఒత్తి తీసేది. అంతే. చెమటకు తడిసిన బనియన్ చెయ్యి పొక్కుల మీద అతుక్కుంటుంటే దాన్ని కొంచెం పైకి జరుపుకుంది.

నాగపూర్ కోచ్ లేచి వచ్చి అంపైర్ చెవిలో ఏదో చెప్పాడు.

అంపైర్ ముంబై నుంచి వచ్చిన కుర్రవాడు. చలువ కళ్లద్దాలు, శుభ్రమైన బూట్లు. ఆట ఆపి దిబ్బ దగ్గరికి నడిచి వచ్చి, బంతి అడిగాడు. తిప్పి చూశాడు. గ్లవ్ అడిగాడు. దాని అంచున కొబ్బరినూనెతో కలిసిన నల్లటి జిడ్డు. బనియన్ చెయ్యి పైకి తొయ్యమన్నాడు.

"హే కాయ్ ఆహే?" అన్నాడు, చుక్కలను చూసి. ఇదేమిటి?

పిచర్ ఒంటి మీద బంతికి రాసే జిడ్డు ఏదీ ఉండకూడదని ఆ ఆటలో నియమం. జిడ్డు తగిలితే బంతి మరింత మెలికలు తిరుగుతుంది. ప్రణాలికి ఆ నియమం తెలుసు. ఆయన దాన్ని తన మోచేతితో కలుపుతున్నాడని అర్థం కావడానికి మాత్రం కొంతసేపు పట్టింది.

పరిగెత్తుకొచ్చిన ప్రతిభ జాలీ పైకెత్తి మరాఠీలో అంది, "బిబ్బా సర్, మందు. మా దగ్గర అందరూ పెట్టుకుంటారు."

"మందు దేనికి? చెయ్యి నొప్పా?" అంపైర్ వెంటనే వెనక్కి తిరిగాడు. "కోచ్! ఈ పిల్లకు గాయముందా? గాయమున్న పిల్లను ఆడిస్తున్నారా?"

సుదర్శన్ అప్పటికే గీత దాటి వస్తున్నాడు. పోయిన ఏడాది వేరే జిల్లా కోచ్ ఒకాయన, ఆడకూడని పిల్లను ఆడించినందుకు మైదానానికే దూరమయ్యాడు. ఆ సంగతి అక్కడున్న కోచ్‌లందరికీ తెలుసు. తన పిల్లలంతా బాగున్నారని పొద్దునే ఈయన అంపైర్‌కు మాటిచ్చాడు.

ప్రణాలి ఆయన ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. మోచేతి పైదాకా మడిచిన చొక్కా. మడత కింద, తనవి ఉన్నచోటే, వరుసగా చుక్కలు. ఆయన చెయ్యి చాపితే చాలు. నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు.

సుదర్శన్ నడుస్తూనే మడతలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక మడత, ఇంకో మడత. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి చొక్కా చెయ్యి మణికట్టు దాకా దిగింది. బొత్తం కాజాలోకి వెంటనే పోలేదు. ఆయన వేళ్లు వెతుక్కున్నాయి.

"గాయమేం లేదు," అన్నాడు అంపైర్‌తో. "పిల్ల బాగుంది."

"మరి ఇదేమిటి?"

"నాకు తెలీదు."

"ఇంతకు ముందెప్పుడూ చూడలేదా?"

"లేదు," అన్నాడు సుదర్శన్. బొత్తం పడింది.

ప్రతిభ నోరు తెరిచి ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. అంపైర్ ప్రణాలి వైపు తిరిగాడు. ఆమె టోపీ కింద ముఖం ఎప్పటిలాగే ఉంది. భయం లేదు, ఏడుపు లేదు, బతిమాలడం లేదు. చదువుకోవడానికి అందులో ఏమీ లేదు. ఆయన చదివేసుకున్నాడు.

"చూడండి, కాస్తయినా బెదురు లేదు," అన్నాడు పక్కనున్న అంపైర్‌తో. "బాగా అలవాటైన పని."

చెయ్యి బయటికి చాపి చూపాడు. ఆట నుంచి బయటికి. ఈ ఏటి పోటీలన్నిటి నుంచి కూడా బయటికే అని షామియానా కిందున్న పెద్దలు ఆ తర్వాత తేల్చారు.

ప్రణాలి గ్లవ్ చంకలో పెట్టుకుని నడిచింది. సుదర్శన్ పక్క నుంచి పోతున్నప్పుడు ఆయన తెలుగులో, పెదాలు కదలకుండా, "తర్వాత మాట్లాడుదం" అన్నాడు.

మైదానం బయట సిమెంటు మెట్ల మీద కూర్చుని మిగతా ఆట చూసింది. గిరిజ నవ్వుకుంటూ దిబ్బ ఎక్కింది. నాగపూరోళ్లు కొట్టారు. ఒక పరుగు వచ్చింది. ఇంకొకటి రాబోయింది. ఆఖరికి ఆకాశానికి లేచిన బంతి ఒకటి గోడవైపు పరిగెత్తిన పిల్ల చేతుల్లో ఎలాగో పడింది. రాజురా గెలిచింది. అందరూ గిరిజను ఎత్తుకున్నారు. సుదర్శన్ మైదానం మధ్యలో మోకాళ్ల మీద కూలబడి మన్ను ముట్టి కళ్లకద్దుకున్నాడు.

ఓడిపోయి ఉంటే, తను లేనందుకే ఓడిందని అనుకోవడానికైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

*

ఇంట్లో ఆమె చెప్పింది ఒక్క మాట. "గెలిచినం." తర్వాత, రాష్ట్ర పోటీలకు ఆడపిల్లలు ఎక్కువయ్యారు, తనను ఇంటి దగ్గర ఉండమన్నారు అంది. పోశన్న ఇంకేదో అడగబోతే జయ కళ్లతోనే ఆపింది.

రెండు రోజుల తర్వాత సుదర్శన్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. పెద్ద ఎండ లేకపోయినా ముఖం చెమటతో ఉంది. చొక్కా చేతులకు రెండు వైపులా బొత్తాలు పెట్టి ఉన్నాయి. జయ మంచం వాల్చి, ఉడకబెట్టిన కందికాయలు పళ్లెంలో పోసి పెట్టింది. ప్రణాలి గడప దగ్గర నిలబడింది.

ఆయన కందికాయ వొలుస్తూ చాలాసేపు పోటీల సంగతులు మాట్లాడాడు. ఆఖరికి వచ్చిన పని చెప్పాడు. "రాష్ట్రంల పిచర్లు మస్తు కర్వ్ ఏస్తరక్కా. మా పోరీలకు కొట్టుడు రాదు. ప్రణాలి రోజు వచ్చి జర బంతులేస్తే వాళ్లకు ప్రాక్టీస్ అయితది. గిరిజకు గూడ నేర్పినట్టయితది."

"ఆటల లేదంటిరి, మల్ల బంతులెందుకు సారూ?" అంది జయ. "చెయ్యి మంచిగయింది గద. జీడి పెట్టిన నేను. గందుకే గెలిచిండ్రని అనుకుంటున్న."

కందికాయ వొలిచే వేళ్లు ఆగాయి.

"అక్కా, మీకు చెప్పలేదా?" ఆయన ప్రణాలి వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు. "గా జీడి తోనే వచ్చింది తిప్పలంత. అంపైర్ అది సూసి, బంతికి ఏదో రాస్తున్నదనుకున్నడు. మోసమని తీసేసిండు. ఆయనకు జీడంటే తెల్వదు. నాకు గూడ ముందుగాల ఎవ్వలు చెప్పకపాయె. మీరు గది పెట్టకుంటే బాగుండు."

జయ నేల మీద చతికిలబడి కూర్చుంది. తన కుడి చేతి బొటనవేలును, చూపుడువేలును చూసుకుంది. సూది పట్టుకున్న చోట నలుపు ఇంకా పోలేదు. చీర కొంగుతో దాన్ని రుద్దింది. మళ్లీ రుద్దింది.

"నేనే పాడు జేసిన," అంది. "నా చేతులతోనే."

గడప దగ్గర ప్రణాలి పెదాలు విడివడ్డాయి. సుదర్శన్ తల ఇంకా దించుకునే ఉన్నాడు. ఆమె మళ్లీ నోరు మూసుకుంది.

కాసేపటికి జయ లేచింది. తప్పు తనదైనప్పుడు ఇంటికొచ్చిన మనిషిని ఆకలితో పంపడం ఇంకో తప్పు. "రొట్టెలు చేసిన సారూ. తిని పోండ్రి."

"వద్దక్కా, రాజురల పనుంది."

"తినకుంట పోతే నా మీద కోపమున్నట్టే."

ఆయన లేచి వాకిట్లో రాయి దగ్గరికి వచ్చాడు. జయ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన రెండు చేతులూ ముందుకు పట్టాడు.

"చొక్క మడుసుకోండ్రి, తడుస్తది."

"పర్వలేదు, పొయ్యండ్రి."

"అట్లెట్ల? రొట్టె కూరల ముంచుకుని తినాలె, చేతులన్ని కూరవుతయి." ఆమె చెంబు ఎత్తి పట్టుకుని నిలబడింది. నీళ్లు పొయ్యలేదు.

ఆయన ఎడమ చెయ్యి మడిచాడు. ఆగాడు. కుడి బొత్తం విప్పి, చాలా మెల్లగా, ముంజేతి సగం దాకా మడిచాడు. జయ నీళ్లు వంచింది. ఆయన చేతులు రుద్దుకుంటుంటే తడిసిన మడత కొంచెం పైకి జరిగింది.

నీటి ధార సన్నబడింది. తర్వాత ఆగిపోయింది.

జయ ఆ చుక్కలను చూసింది. మినపగింజలంత, లోపలి ఎముక చుట్టూ, ఒక్కొక్కటిగా. తను పెట్టిన వరుసే. పెట్టేవాళ్లు అలాగే పెడతారు, వేరే తీరు లేదు. ఆమె తలెత్తి గడప దగ్గరున్న కూతురి వైపు చూసింది. కూతురు తల్లినే చూస్తోంది. ఆ ముఖంలో ఇప్పుడూ ఏమీ లేదు. కానీ ఆ ఏమీ లేకపోవడం వెనక ఏముందో జయకు మొదటిసారి కనబడింది.

"ఎవలు పెట్టిండ్రు సారూ?" అంది మెల్లగా.

సుదర్శన్ చేతుల మీది నీళ్లు బొట్లుబొట్లుగా రాయి మీద పడుతున్నాయి.

"మా అవ్వ," అన్నాడు.

జయ చెంబులో మిగిలిన నీళ్లను ఆయన చేతుల మీద పూర్తిగా పోసింది. లోపలికి వెళ్లి రొట్టె వడ్డించింది. ఆయన తిన్నాడు. పోయేటప్పుడు ఆయన ప్రణాలిని ప్రాక్టీసుకు రమ్మని మళ్లీ అడగలేదు.

*

మర్నాడు పొద్దున ఇద్దరూ చేనుకు పోయారు. మంచు ఇంకా ఆరలేదు. ఆఖరు ఏరడం, కాయలు చిన్నవి, డొప్పలు గట్టివి. ప్రణాలి ఒడి కట్టుకుని ముందు సాలులోకి దిగింది.

జయ కొంతసేపు తన పనిలో ఉండి తలెత్తేసరికి కూతురు చాలా ముందుకు పోయింది. రెండు చేతులూ ఆడుతున్నాయి. కుడి, ఎడమ, కుడి. మణికట్టు మెలిక, లాగుడు, ఒడిలోకి. బనియన్ చెయ్యి మోచేతి పైకి తోసి ఉంది. పొక్కులు చితికి, మచ్చలు కడుతున్నాయి.

"చెయ్యి దాసుకుంటలేవేందే?" అంది జయ వెనక నుంచి.

"ఇగ దేనికి?"

పిల్ల తల తిప్పలేదు. చేతులు ఆపలేదు. జీడి మంట చల్లారాక లోపలి నొప్పి మళ్లీ పైకి తేలి ఉండాలి. నాలుగైదు కాయలకు ఒకసారి కుడి చేతి వేళ్లు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. పట్టిన పత్తి జారి కింద పడుతోంది. ఆమె చూసుకోవడం లేదు. తర్వాతి కాయ మీదికి పోతోంది.

జయ తన సాలు వదిలేసింది. కూతురి సాలులోకి వచ్చి, వెనకాలే వంగి, మన్ను అంటిన ఆ పత్తిని ఒక్కొక్క పిడికెడే దులిపి ఒడిలో వేసుకుంటూ నడిచింది.